కర్ణుణ్ణి మార్చింది దుర్యోధనుడి స్నేహమేనా? మూలంలో ఎక్కడెక్కడ చూడాలి?

ప్రశ్న: కర్ణుడి పాత్రపై సెమినార్ పేపర్ రాయాలి, పావుగంట సమయం. అంగరాజ్యం ఇవ్వడం అందరికీ తెలిసిందే. ఆ స్నేహం వల్ల అతని స్వభావం మారిందని చూపాలంటే ఏ ఘట్టాలు తీసుకోవాలి?

జవాబు 1: అంగరాజ్యంతో మొదలుపెట్టండి గానీ అక్కడే ఆగకండి. ఆదిపర్వం 126వ అధ్యాయం (అన్నీ పుణె భండార్కర్ సంస్థ పరిష్కరించిన సంస్కృత భారతం లెక్క) చూడండి. బదులుగా ఏమివ్వాలని కర్ణుడు అడిగితే, దుర్యోధనుడు కోరింది ‘అత్యంతం సఖ్యం’. గడువు లేదు, హద్దు లేదు. తీరే బాకీ కాదది.

ఆ బాకీ ఎంత దూరం లాక్కెళ్లిందో సభాపర్వం 61లో ఉంది. దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడు ద్రౌపది పక్షాన మాట్లాడితే, లేచి అతని నోరు మూయించింది కర్ణుడు. ఆమెను ‘బంధకి’ (కులట) అన్నదీ అతనే. చాలామంది జాలితో ఈ ఘట్టాన్ని దాటేస్తారు. దాటేస్తే తర్వాతి మార్పుకు అర్థమే ఉండదు.

ఆ మార్పు ఉద్యోగపర్వం 139లో కనిపిస్తుంది. కృష్ణుడు రాజ్యం ఇస్తానన్నా వద్దంటూ కర్ణుడంటాడు: ‘ప్రియార్థం ధార్తరాష్ట్రస్య తేన తప్యేఽద్య కర్మణా’. దుర్యోధనుడి మెప్పుకోసం పాండవులను పరుషంగా మాట్లాడాను, అందుకిప్పుడు తపిస్తున్నాను అని. తప్పని ఒప్పుకుంటూనే పక్షం మారడు. పేపర్‌లో సగం సమయం ఈ ఒక్క శ్లోకానికే ఇవ్వొచ్చు.

జవాబు 2: అంతా స్నేహం ఖాతాలో వేయకండి. భీష్ముడు తనను ‘అర్ధరథుడు’ (సగం యోధుడు) అన్నాడని, ఆయన పడేదాకా పది రోజులు కర్ణుడు యుద్ధానికి దిగలేదు. అక్కడ గెలిచింది పంతం, స్నేహితుడి అవసరం కాదు. కుంతికిచ్చిన మాట మరీ చిక్కు. అర్జునుడు తప్ప నలుగురినీ చంపనన్నాడు. పద్నాలుగో రోజు భీముడు చేతికి చిక్కితే వింటికొనతో పొడిచి, ఎగతాళి చేసి వదిలేశాడు. ధర్మరాజునూ అలాగే వదిలాడు. దుర్యోధనుడి వైపు నుంచి చూస్తే ఆ మాట ఖరీదెంతో లెక్కేయండి.

జవాబు 3: తెలుగులో చదివేటట్టయితే అంగాభిషేకం, సభ నన్నయలో, ఘోషయాత్ర ఎర్రనలో, కృష్ణ కర్ణ సంవాదం తిక్కనలో. ఒకే స్నేహం ముగ్గురి చేతుల్లో పడింది కాబట్టి, కర్ణుడి గొంతు మారిందని తేల్చేముందు అది పాత్ర మార్పో కవి మార్పో సంస్కృతంతో సరిచూసుకోండి. ఘోషయాత్ర (ఆలమందలు చూసే నెపంతో కౌరవులు పాండవులున్న అడవికి వెళ్లడం) మాత్రం వదలొద్దు. గంధర్వుల ధాటికి కర్ణుడు తప్పుకున్నాడు, దుర్యోధనుడు బందీ అయ్యాడు. అర్జునుణ్ణి చంపేదాకా కాళ్లు కడుక్కోనన్న శపథం ఆ తర్వాతిదే.

ఇంకోటి. దుర్యోధనుడి భార్యతో కర్ణుడి ఆట, తెగిన ముత్యాలు, అది చూసిన దుర్యోధనుడు అనుమానించకుండా ‘ఏరనా, గుచ్చనా’ అని అడిగే కథ వ్యాసుడిలో లేదు, కవిత్రయంలోనూ లేదు. పర్వం పేరు పెట్టి ఉటంకిస్తే దొరికిపోతారు.

ప్రశ్న అడిగినవారు: అదే 139లో ‘త్రయోదశ సమాః’, పదమూడేళ్లు రాజ్యం అనుభవించానంటాడు. అభిషేకం జరిగి అంతకంటే చాలా ఎక్కువే అయిందిగా?

జవాబు 1: పక్కనే ‘అకంటకం’ అని ఉంది చూడండి. పాండవులు అడవిలోనూ అజ్ఞాతంలోనూ గడిపింది సరిగ్గా పదమూడేళ్లు. ముల్లు లేని కాలాన్నే లెక్కపెట్టాడని నా ఊహ.