అప్‌డేట్: ప్రాసిక్యూటర్‌గా చేరాను

డిఫెన్స్ (నిందితుల తరఫున వాదించడం) వదిలి ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌గా చేరనా, ఫైళ్ల భారం తట్టుకోగలనా అని ఎనిమిది నెలల క్రితం ఇక్కడ అడిగాను. చేరాను.

ఫైళ్ల భారం ఎక్కువేనని మీరు చెప్పింది నిజమే. రాత్రి చదవకుండా పొద్దున కోర్టుకు వెళ్తే అయిపోయినట్టే. కానీ నన్ను నిజంగా పరీక్షించింది వేరే.

ఒక దొంగతనం కేసులో సాక్ష్యం ఉన్న కవరు మీద సీలు నంబరు ఒకటి, ల్యాబ్ రిపోర్టులో ఇంకొకటి. అంటే ల్యాబ్ పరీక్షించింది ఈ సాక్ష్యాన్నేనని గట్టిగా చెప్పలేం. మూడుసార్లు చూశాను. అరచేతులు చెమట పట్టాయి. నేను నోరు మెదపకపోతే ఎవరూ గమనించకపోవచ్చు. అవతలి లాయరుకు నేనే చూపించాను. కేసు నిలవలేదు. దర్యాప్తు అధికారి వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ప్రాసిక్యూటర్ల పాత్రపై 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి సదస్సు ఆమోదించిన మార్గదర్శకాలు చదవమని మీలో ఒకరన్నారు. నిష్పాక్షిక దర్యాప్తులో ఆరోపణకు ఆధారం లేదని తేలితే కేసు నడపకూడదని అందులో ఉంది. ఆ రాత్రి మళ్లీ చదివాను. మీకు రుణపడి ఉన్నాను.

బాధితులతో మాట్లాడటం ఇంకా కష్టంగానే ఉంది. మొన్న ఒకావిడ బోనెక్కే ముందు నా గౌను అంచు పట్టుకుని, "జరిగింది చెప్తే చాలా అండీ?" అని అడిగింది. చాలమ్మా అన్నాను. గొంతు వణుకుతున్నా అంతా చెప్పింది. తీర్పు వచ్చే వారం. టెన్షన్‌గా ఉంది, కానీ వెనక్కి వెళ్లే ఆలోచన లేదు.