‘ది రింగ్’ (1927): తప్పు జాక్‌దా, పెళ్ళాందా?

పాతరీలు: హిచ్‌కాక్ మూకీ ‘ది రింగ్’ మళ్ళీ చూశా. తిరునాళ్ళ డేరాలో ఎవర్నయినా ఒక్క రౌండులో పడగొట్టే జాక్‌ని ఛాంపియన్ బాబ్ వచ్చి ఓడించి పందెం డబ్బు గెలుస్తాడు. ఆ డబ్బుతో బాబ్, జాక్ ప్రేమించిన టికెట్లమ్మాయికి పాము వంకీ కొనిస్తాడు. ఆమె జాక్‌నే పెళ్ళాడి బాబ్‌తో తిరుగుతుంది. తప్పు నూటికి నూరుపాళ్ళు ఆమెదే.

సుజాత_నెల్లూరు: ఆ వంకీ సంగతి పెళ్ళికి ముందే జాక్‌కి తెలుసుగా? నీమీద గెలిచిన డబ్బే కదా అని ఆమె అంటే సరిపెట్టుకున్నాడు. పైగా దాన్నే ఆమె వేలికి ఉంగరంలా చుట్టాడు! పరాయివాడి నగతో ప్రధానం కానిచ్చినవాడికి తర్వాత రోషమొకటా?

ఎడమచేతి_గుద్దు: వంకీ పక్కన పెట్టండి. జాక్ వేషం కట్టిన కార్ల్ బ్రిసన్ డెన్మార్క్‌లో నిజంగా బాక్సరే. బాబ్‌గా వేసిన ఇయాన్ హంటర్ కాళ్ళు చూడండి, అవి ఛాంపియన్ కాళ్ళా?

సినీపిచ్చి: రౌండు నంబరు చూపించే అట్టల సీను సూపర్. ఒకటో నంబరు అట్ట నలిగి మాసిపోయి, రెండోది కొత్తగా మెరుస్తూ.

పాతరీలు: సుజాత గారూ, అసలు సీను దాటేశారు. గెలిచొచ్చి జాక్ అందరికీ షాంపేన్ పోస్తాడు, భార్య వచ్చాకే తాగుదామంటాడు. గ్లాసుల్లో పొంగు చచ్చిపోతుంది, ఆమె రాదు. బాబ్‌తో క్లబ్బులో ఉంది. దీనికేమంటారు?

సుజాత_నెల్లూరు: క్లబ్బుకి వెళ్ళడం ఒప్పని నేననలేదు. కానీ ఆ విందు ఎవరిది? మా ఆయనకి ప్రమోషనొచ్చిన రోజు ఇంటినిండా ఆఫీసు జనం. పకోడీలు వేసింది నేను, ఒక్క ఫొటోలోనూ లేనిది నేను.

ఎడమచేతి_గుద్దు: లండన్ ఆల్బర్ట్ హాల్ ఫైటులో షుఫ్తాన్ అద్దాల ట్రిక్కు (అద్దంతో బొమ్మని అసలు సెట్టులా చూపించడం) వాడారు, హాలు భలే నమ్మించారు. హంటర్ కాళ్ళని ఏ అద్దమూ నమ్మించలేదు.

పాతరీలు: పకోడీలకీ హిచ్‌కాక్‌కీ ఏం సంబంధమండీ? పోస్టర్ల మీద జాక్ పేరు కిందనుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. ఎవరికోసం ఎక్కాడు?

సుజాత_నెల్లూరు: నేనడిగేదీ అదే. ఆమె ఎక్కమందా? మీకోసమే అంటూ మీరు ఎక్కుతారు, కింద నిలబడి చప్పట్లు కొట్టలేదని మామీద నేరం!

పాతరీలు: ‘మీరు’ అంటే ఎవరు, నేనా? ఏళ్ళ తరబడి దుబాయ్‌లో సరదాకి పడున్నానా? తిరిగొచ్చేసరికి నా ఇంట్లో నేనే చుట్టాన్ని. ఊరికే మాటలనకండి.

సినీపిచ్చి: కూల్ కూల్ 🙏

సుజాత_నెల్లూరు: మీ ఇంటి సంగతి నాకెలా తెలుస్తుందండీ? అయితే ఇప్పటిదాకా వాదించింది జాక్ కోసం కాదన్నమాట. సరే, మీరే చెప్పండి, ఆఖరి ఫైటులో అతను చావుదెబ్బలు తింటుంటే ఆమె బాబ్‌ని వదిలి జాక్ మూలకొచ్చింది కదా? గెలిచేవాడి పక్షాన ఉండాలనుకుంటే అక్కడికెందుకొస్తుంది?

పాతరీలు: జాలిపడి వచ్చింది. ఓడిపోతేగానీ రాని మనిషి నాకొద్దు.

సుజాత_నెల్లూరు: నాకయితే ఓడిపోతేగానీ పెళ్ళాం గుర్తురానివాడు వద్దు.

సినీపిచ్చి: 2012లో బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) బాగుచేసిన ప్రింటు ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్తారా?

ఎడమచేతి_గుద్దు: ముందు హంటర్ కాళ్ళ సంగతి తేల్చండి.