బిల్లులో సర్వీస్ ఛార్జ్ తీసేయమనడం తప్పా?

మణికొండవాసి:
పోయిన శనివారం మా నాన్న డెబ్బయ్యో పుట్టినరోజని జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్లాం, పేరు చెప్పను. తిండి బాగుంది, ఆ మాట దాచను, నాన్నయితే సంకటిలోకి నాటుకోడి పులుసు రెండోసారి తెప్పించుకున్నారు. బిల్లు చూస్తే తిన్నది 4,000, దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జ్ 400, రెండూ కలిపిన 4,400 మీద 5 శాతం జీఎస్టీ 220, మొత్తం 4,620. అంటే సర్వీస్ ఛార్జ్‌కి కూడా పన్ను కట్టాం. అది లేకపోతే 4,200తో పోయేది. తీసేయమంటే మేనేజర్ "మెనూలో కింద రాశాం కదా సార్" అన్నాడు. నాన్న ముందు గొడవెందుకని కట్టేసి వచ్చా కానీ మనసు ఒప్పుకోవట్లేదు. అడగడం తప్పా?

ఉలవచారు:
తప్పెందుకవుతుంది? బిల్లులో దానంతటదే వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నాయి, 2025 మార్చి 28న ఆ పిటిషన్లను కోర్టు కొట్టేసి, ఒక్కో సంఘాన్ని లక్ష రూపాయలు కట్టమంది. మెనూలో రాసినంత మాత్రాన కట్టి తీరాలని ఏం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఇరానీ చాయ్:
నాకు ఇది నచ్చట్లేదు భయ్యా. నాంపల్లిలో చాయ్, ఉస్మానియా బిస్కెట్ తింటే ఎవడూ సర్వీస్ ఛార్జ్ అడగడు. ఏసీ, మెత్తటి సోఫా, గ్లాసు సగమయ్యేలోపు నీళ్లు నింపే మనిషి కావాలనుకుని వెళ్లింది మనమే కదా. నాలుగు వేలు తిన్నప్పుడు రాని బాధ ఆ నాలుగొందల దగ్గర ఎందుకు?

మణికొండవాసి:
నాలుగు వేలు ధర చూసుకుని నేను ఆర్డర్ చేసినవి. నాలుగొందలు నన్ను అడక్కుండా వాళ్లు రాసుకున్నది.

పాత కెప్టెన్:
తొమ్మిదేళ్లు గచ్చిబౌలి, మాదాపూర్ బార్లలో చేశా, మా వైపు మాట కూడా వినండి. మొదటి చోట సర్వీస్ ఛార్జ్ మొత్తం నెలాఖరున పాయింట్ల లెక్కన పంచేవాళ్లు. వెయిటర్లను చూసుకునే కెప్టెన్‌కి ఎక్కువ, గిన్నెలు కడిగే కుర్రాడికి తక్కువ, కానీ ఆ కుర్రాడికీ వచ్చేది. టిప్ అలా కాదు, టేబుల్ దగ్గర నిలబడ్డవాడి జేబులోకే పోతుంది, లోపల తందూరు ముందు చెమటలు కారేవాడిని మీరు చూడరు కాబట్టి వాడికి ఎవరూ ఇవ్వరు. శుక్రవారం రాత్రి ఆఖరి టేబుల్ లేచాక గ్లాసులు తుడిచి, లెక్కపెట్టి, స్టాక్ రాసి రూముకి చేరేసరికి మూడయ్యేది. జీతంతో రూమ్ అద్దె, ఇంటికి పంపడం అయిపోయేది, మిగతాదంతా ఆ పాయింట్లే.

మణికొండవాసి:
అన్నా, ఆ కుర్రాడికి ఇవ్వడానికి నాకేం బాధ లేదు. అతనికి చేరిందని నాకెలా తెలుస్తుంది?

పాత కెప్టెన్:
చేరని చోట్లూ ఉన్నాయి. నేను చేసిన రెండో చోట పగిలిన గ్లాసులకని చెప్పి అందులోంచి కోసేవాళ్లు. అందుకే మానేశా.

సింగపూర్ తెలుగు:
ఇక్కడ మంచి రెస్టారెంట్లలో 10 శాతం సర్వీస్ ఛార్జ్, దాని పైన జీఎస్టీ, అది 2024 నుంచి 9 శాతం. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి, జనం అలవాటుగా కట్టేస్తారు, టిప్ కోసం ఎవరూ ఎదురుచూడరు. హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోట, సర్వీస్ ఛార్జ్ లేదు, తిన్న పళ్లెం మనమే తీసుకెళ్లి పెట్టాలి, పెట్టకపోతే 2021 నుంచి జరిమానా కూడా. చేయించుకున్న పనికి కట్టడమే కదా, నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

ఉలవచారు:
అక్కడి పద్ధతి అక్కడిది. ఇక్కడ మేం అడిగేది ఒక్కటే, ధరలోనే కలపండి. 350 బిర్యానీని 385 చేయండి, చూసుకుని తింటాం, లేదా లేచొస్తాం.

పాత కెప్టెన్:
ధరలో కలిస్తే అది ఓనర్ గల్లాలోకి పోతుందండీ. బిల్లులో విడిగా కనిపిస్తేనే, ఈ నెల ఎంతొచ్చింది, మా వాటా ఎంత అని మేం గట్టిగా అడగగలిగేవాళ్లం. 35 రూపాయలు బిర్యానీలో కలిసిపోయాక ఏమని అడగాలి?

ఇరానీ చాయ్:
ఈ పాయింట్ గట్టిది.

మణికొండవాసి:
నిజమే, ఇంతదాకా నేను ఆలోచించలేదు. అయినా అడక్కుండా వేయడాన్ని ఒప్పుకోను, రేపు 1915కి చేస్తా. ఆ రోజు నాన్న చేయి వణకడం చూసి, ఎవరూ చెప్పకుండానే లోతు గిన్నె, పెద్ద చెంచా తెచ్చి పెట్టిన అబ్బాయి ఒకడున్నాడు. ఈ వారం వెళ్లి అతని చేతికే ఐదొందలు ఇచ్చి వస్తా.

పాత కెప్టెన్:
ఇవ్వండి. వీలైతే వంటింట్లోకి కూడా ఒక నోటు పంపండి, మీ నాన్నగారు రెండోసారి అడిగిన పులుసు పెట్టింది అక్కడివాళ్లే.