సైకిల్ వెనక ‘స్టే’లను తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
నమస్కారమండీ. నేను ఆస్టిన్‌లో చదువుకుంటున్నాను. క్యాంపస్‌కి తిరగడానికి పాత సైకిల్ ఫ్రేము ఒకటి కొని, మిగతా సామాను మెల్లగా బిగించుకుందామని చూస్తున్నాను. చేతిలో డబ్బులు తక్కువే. జీటీ కంపెనీ పాత ఫ్రేములు రెండు దొరికాయి. ఒకటి స్టీలు, రంగు బాగా గీసుకుపోయింది. రెండోది అల్యూమినియం, కొత్తదానిలా ఉంది కానీ సీటు రాడ్డు పట్టేసి కదలట్లేదు. రెండింటికీ వెనక కడ్డీలు సీటు పైపు దగ్గర ఆగకుండా దాన్ని దాటి, హ్యాండిల్ వైపు వెళ్లే పై పైపుకు అతుక్కున్నాయి. నాన్నగారికి ఫోన్లో ‘సీట్ స్టే’ అని చెబితే ‘స్టే ఏంట్రా, కోర్టు స్టేనా?’ అన్నారు. తెలుగులో ఏమని చెప్పాలి? ఏది కొనాలో కూడా చెబితే సంతోషం.

జవాబు:
మంచి ప్రశ్న, తమ్ముడూ. కోర్టు స్టే వేరు, ఇది వేరు. కోర్టు స్టే లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘ఆగు’ అనే మాట. ఓడ తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే తాడును కూడా ఇంగ్లీషులో స్టే అంటారు, అది పాత ఇంగ్లీషు మాట. కరెంటు స్తంభానికి ఏటవాలుగా కట్టే తీగను మన లైన్‌మెన్ ‘స్టే వైరు’ అంటారు కదా, అదీ ఈ వరసలోదే. నిలబెట్టడానికి ఇచ్చే ఆసరా అన్నది ఇక్కడ అర్థం.

నా ఓటు ‘ఊత’కి. వెనక చక్రం ఇరుసు దగ్గర మొదలై పైకి, సీటు కిందికి వెళ్లే జత పై ఊతలు. ఇరుసు నుంచి పెడళ్ల దగ్గరికి వెళ్లే జత కింది ఊతలు. ఈ కింది జతను ఇంగ్లీషులో ‘చైన్ స్టే’ అంటారు, దాన్ని చూసి ‘చైను ఊత’ అంటే చైనుకు ఊత అనుకుంటారు. అది చైను పక్కన ఉంటుందే కానీ చైనును మోయదు. పైది, కిందిది అంటే మీ నాన్నగారికి వెంటనే తెలుస్తుంది.

మీరు చూసిన రకాన్ని ఇంగ్లీషులో ‘హెలెనిక్’ అంటారు. ఆ మాటకు ఇంగ్లీషులో ‘గ్రీకు’ అనే అర్థం ఉంది కదా అని గ్రీకు ఊతలు అని మాత్రం అనువదించకండి. 1920ల్లో బ్రిటన్‌లో అలా కట్టిన ఫ్రెడ్ హెలెన్స్ అనే ఆయన పేరు మీద వచ్చిన మాట అది. 1980ల చివర్లో కాలిఫోర్నియా కంపెనీ జీటీ దాన్ని మౌంటెన్ బైకులకు పెట్టి ‘ట్రిపుల్ ట్రయాంగిల్’ అని ప్రచారం చేసింది. మామూలు ఫ్రేములో ముందొక త్రికోణం, వెనకొకటి కనిపిస్తాయి. ఇందులో ఊతలు సీటు పైపును దాటడం వల్ల పైన ఇంకో చిన్న త్రికోణం ఏర్పడుతుంది. అందుకని నేనైతే ‘దాటు ఊతలు’ అంటాను.

మరో సభ్యుడు:
‘ఊత’ అంటే కింద నుంచి నెట్టి నిలబెట్టేది, అరటి చెట్టుకు పెట్టే కర్రలాంటిది. స్టే వైరు లాగి పట్టేది. రెండూ ఒకటెలా అవుతాయండీ? ‘బిగికడ్డీ’ అంటే సరిపోదా?

జవాబు:
ఈ తేడా గమనించినందుకు చాలా సంతోషం. దీన్ని సైకిల్ మీదే చూద్దాం. మనిషి సీటు మీద కూర్చుంటే బరువు పై ఊతల గుండా ఇరుసు మీదికి దిగుతుంది. అంటే ఆ కడ్డీలు నొక్కుకుంటున్నాయి. అరటి కర్ర చేసే పనే అది, తీగ చేసే పని కాదు. కింది ఊతలు కొంచెం చిక్కు. కూర్చున్న బరువు వాటిని లాగుతుంది, గట్టిగా తొక్కినప్పుడు చైను ఇరుసును ముందుకు లాగడంతో కుడివైపుది నొక్కుకుంటుంది. తీగ లాగుడుకే తట్టుకుంటుంది, నొక్కితే వంగిపోతుంది. కాబట్టి ‘బిగి’ కన్నా ‘ఊత’ నయం.

వింత ఆకారాలకూ ఈ మాట ఒదుగుతుంది. లండన్‌లో సైకిళ్లు తయారుచేసే హెచిన్స్ వాళ్లు 1930ల్లో ఊతలను అలల్లా వంచి కట్టారు. వంకీల జుట్టు అంటాం కదా, అలాగే వాటిని వంకీల ఊతలు అనొచ్చు. 1990ల ప్రాంతంలో కొన్ని మౌంటెన్ బైకులకు కింది ఊతను చైను పైనుంచి తీసుకెళ్లారు. అప్పుడు కూడా అది పై ఊత కన్నా కిందే ఉంటుంది, పేరు మార్చక్కర్లేదు.

ఇక కొనే సంగతి. స్టీలుదే తీసుకోండి. పట్టేసిన సీటు రాడ్డు చిన్న విషయం కాదు. అల్యూమినియం ఫ్రేములో స్టీలు రాడ్డు ఉన్నా, స్టీలు ఫ్రేములో అల్యూమినియం రాడ్డు ఉన్నా చెమ్మ తగిలి తుప్పు పట్టి రెండూ అతుక్కుపోతాయి. బలవంతంగా తిప్పితే ఊతలు, సీటు పైపు కలిసే చోటే దెబ్బ తింటుంది. ఈ రకం ఫ్రేములో అతుకులు ఎక్కువ ఉన్నదీ అక్కడే. పైగా స్టీలు విరిగితే తెలిసిన వెల్డరు అతకగలడు. అల్యూమినియం అతికితే వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది, మళ్లీ సరిగ్గా వేడిచేసి గట్టిపరిస్తే తప్ప పాత బలం రాదు. ఆ ఖర్చు మీ ఫ్రేము ధరను దాటుతుంది.

అమ్మేవాళ్లు స్టీలు అన్నా అయస్కాంతం పట్టుకెళ్లండి. దాటు ఊతలు సీటు పైపును తాకే రెండు వైపులా, ఆ తర్వాత పై పైపు మీద కలిసే చోట టార్చి వేసి చూడండి. రంగు గీత కింద లోహం వరకూ సన్నటి పగులు ఉంటే వదిలేయండి. పై గీతలు మాత్రమే అయితే పట్టించుకోవద్దు. తర్వాత దారం. ఇరుసు కూర్చునే చీలికల్లో ఒకదానికి దారం కట్టి, ముందు హ్యాండిల్ కింద ఉండే హెడ్ పైపు చుట్టూ తిప్పి, రెండో చీలికకు బిగించి కట్టండి. సీటు పైపుకూ దారానికీ మధ్య ఖాళీ కుడి ఎడమల సమానంగా ఉండాలి. కొంచెం తేడా అయితే సర్దుకోవచ్చు, బాగా తేడా ఉంటే వెనక భాగం వంగిందన్నమాట.

ఈ ‘ట్రిపుల్ ట్రయాంగిల్’ ఆకారం వల్ల వెనక భాగం గట్టిగా ఉంటుందని కంపెనీ చెప్పేది. రోజూ కాలేజీకి తొక్కేవాళ్లకు ఆ తేడా తెలిసేంత ఉండదని నా అభిప్రాయం. అందుకని ఆ ఒక్క పేరు చూసి ఎక్కువ ధర పెట్టకండి. నచ్చితే కొనుక్కోండి, నాకైతే చూడటానికి చాలా ఇష్టం.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. రేపు దారం, అయస్కాంతం పట్టుకెళ్తాను. నాన్నగారు ‘ఊత’ అనగానే ‘ఓ, వెనక కడ్డీలా!’ అన్నారు. ఇంకో చిన్న సందేహం. వెనక క్యారియర్ బిగించొచ్చా?

జవాబు:
ఇరుసు దగ్గరా, పై ఊతల మీదా మర బిగించే కన్నాలున్నాయేమో చూడండి. కింద ఉండి పైన లేకపోతే ఊతలకు పట్టీ చుట్టి బిగించే క్లాంపులు దొరుకుతాయి. పట్టీ కింద రబ్బరు ముక్క వేయండి, లేకపోతే రంగు లేచి తుప్పు అక్కడే మొదలవుతుంది.