నాన్న ఎన్‌టైసర్, మావయ్య మాట: జపాన్ క్రూజర్లు కాపీయేనా?

పలాస_కుర్రాడు
అన్నలూ, 2003లో నాన్న కొన్న క్రూజర్ (హ్యాండిల్ ఎత్తుగా, సీటు పల్లంగా ఉండే బండి) యమహా ఎన్‌టైసర్ నాలుగేళ్లుగా మా జీడిపిక్కల గోడౌన్‌లో టార్పాలిన్ కింద ఉంది. ఇంజన్ బోర్ చేయించి (అరిగిన సిలిండర్ లోపలి గోడ కోయించి) మళ్లీ రోడ్డెక్కిద్దామని నా కోరిక. మావయ్య హార్లే ఎక్స్440 నడుపుతారు. "అమెరికా వాడి బండి చూసి జపాన్ వాడు దించింది, దానికి డబ్బులెందుకు?" అంటున్నారు. నాన్న ఇప్పుడు లేరు, ఆ మాట వింటే బాధగా ఉంది. నిజంగా కాపీయేనా?

నాగావళి_మెకానిక్
తమ్ముడూ, మాది శ్రీకాకుళం. కువైట్‌లో తొమ్మిదేళ్లు బైక్ షెడ్డులో చేశాను. హార్లేలు, హోండా షాడో, యమహా విరాగో లాంటి జపాన్ క్రూజర్లు నా చేతుల్తో విప్పాను.

రూపం వరకు మీ మావయ్య చెప్పింది నిజమే. ఎత్తు హ్యాండిల్, పల్లపు సీటు, చుక్క ఆకారం ట్యాంకు, అన్నీ అమెరికావే. ఇంజన్ విప్పితే కథ వేరు. హార్లే పెద్ద బండ్లలో రెండు సిలిండర్లు, వాటి మధ్య 45 డిగ్రీలు; పిస్టన్లని క్రాంక్‌కి కలిపే రెండు కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్‌పిన్ మీద. అందుకే ఫైరింగ్‌కి ఫైరింగ్‌కి (సిలిండర్లో పెట్రోల్ మండటానికి) మధ్య క్రాంక్ తిరిగే ఎడం ఒకసారి 315 డిగ్రీలు, ఇంకోసారి 405. మనకు వినిపించే ఆ తడబడే డుగ్గు డుగ్గు అదే. హోండా వాళ్లు షాడోలో ఒక్కో రాడ్‌కి వేరే పిన్ పెట్టి, పక్కకి జరిపి వణుకు తగ్గించారు. బండి నున్నగా నడిచింది, చప్పుడు మాత్రం రాలేదు. చివరికి 1995లో షాడో ఏస్ 1100కి వాళ్లే ఒకే పిన్ పెట్టారు. శబ్దం కోసం మంచి ఇంజన్‌ని కావాలని వణికించారు! దాన్ని కాపీ అంటే ఒప్పుకుంటాను.

మరి హార్లే నేర్చుకున్నదీ చెప్పాలి. 1969లో ఏఎంఎఫ్ అనే కంపెనీ చేతికి వెళ్లాక నాణ్యత పడిపోయింది, ఆయిల్ కారే బండి అని పేరొచ్చింది. 1981లో హార్లే పెద్దలు 13 మంది కలిసి కంపెనీని తిరిగి కొనుక్కున్నారు. తర్వాత ఒహాయోలోని హోండా ఫ్యాక్టరీకి వెళ్లి పని చూసొచ్చారు. సామాన్లు గుట్టలు పోసుకోకుండా, ఎప్పటికి కావలసినవి అప్పటికే లైన్‌కి తెప్పించుకునే జపాన్ పద్ధతి తమ దగ్గరా పెట్టారు. 1984 మోడల్స్‌కి ఎవల్యూషన్ ఇంజన్ వచ్చాక లీకుల గొడవ చాలా తగ్గింది. శత్రువు షెడ్డుకే వెళ్లి పని నేర్చుకోవడానికి ఎంత పెద్ద మనసుండాలి!

కళింగపట్నం_రోడ్డు
అన్నా, సుంకం సంగతి వదిలేశారు. 1983లో అమెరికాలో రీగన్ ప్రభుత్వం హార్లేని కాపాడటానికి 700 సీసీ దాటిన విదేశీ బైకుల మీద 4.4 శాతం ఉన్న సుంకాన్ని 49.4 చేసింది. హోండా, యమహా తమ 750లను 700 లోపుకి దించుకోవాల్సి వచ్చింది. బాగా చేసేవాడికి శిక్ష వేసినట్టే కదా? ఇంకోటి, 1930లలో జపాన్‌లో సాంక్యో కంపెనీకి లైసెన్సిచ్చి బండి చెయ్యడం నేర్పింది హార్లేయే. అవి రికువో పేరుతో అమ్ముడయ్యాయి. తానే నేర్పి, తర్వాత కాపీ అంటే ఎలా?

నాగావళి_మెకానిక్
సుంకం విషయంలో నేను నీతో కలవను. ఆ ఊపిరి దొరక్కపోతే హార్లే మిగిలేది కాదని నా నమ్మకం. పైగా ఐదేళ్లకి ఇచ్చిన ఆసరాని 1987లోనే, ఏడాది ముందుగా, "ఇక చాలు, తీసెయ్యండి" అని వాళ్లే అడిగారు. అలా అడిగిన కంపెనీలు ఎన్ని ఉంటాయి?

తమ్ముడూ, మావయ్యగారి ఎక్స్440 కూడా మీ నాన్నగారి బండిలాగే ఒంటి సిలిండరే, చేసేది మన హీరో వాళ్లు. తప్పు పట్టడానికి కాదు, అది మంచి బండే. కానీ మీ నాన్నగారి బండి దానికంటే చిన్నదే తప్ప తక్కువది కాదు.

పలాస_కుర్రాడు
అన్నా, మీ మాటలు మావయ్యకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, నాతోపాటు గోడౌన్‌కి వచ్చి టార్పాలిన్ పట్టుకుని లాగారు. ట్యాంకు లోపల తుప్పు పట్టింది. కిక్ రాడ్ మాత్రం కదులుతోంది.

నాగావళి_మెకానిక్
కదిలిందా! అయితే పిస్టన్ పట్టెయ్యలేదు. బోర్ మాట ఇప్పుడే వద్దు. ప్లగ్ తీసి రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్. పొద్దున్న ప్లగ్ పెట్టకుండానే నెమ్మదిగా పది కిక్కులు కొట్టు. ట్యాంకు కడిగేదాకా పెట్రోల్ పొయ్యొద్దు, తుప్పంతా కార్బొరేటర్‌లోకి దిగుతుంది. కార్బొరేటర్ విప్పాక ఫోటో పెట్టు.