తాండ్ర పాపారాయుడి వేషం, కత్తి, డాలు: రాయగడ నుంచి హైదరాబాద్ కామిక్ కాన్‌కి ఎలా తయారవ్వాలి?

నాగావళి ఒడ్డు (రాయగడ):

అందరికీ నమస్కారం. మాది రాయగడ. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. అమ్మమ్మ వాళ్లది బొబ్బిలి. బొబ్బిలి యుద్ధం కథ వింటూనే పెరిగాను. ఈసారి హైదరాబాద్ కామిక్ కాన్‌కి (కామిక్స్ అభిమానుల మేళా) బొబ్బిలి సర్దారు తాండ్ర పాపారాయుడి వేషంలో వెళ్లాలని ఉంది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జపాన్ బొమ్మల కథల వీరులుగానో, అమెరికా కామిక్స్ హీరోలుగానో తయారై వస్తారు. వాళ్ల మధ్య మన వైపు మనిషి ఒక్కడైనా నిలబడాలని నా కోరిక.

నేను అనుకున్నది ఇది: ఛాతీకి, భుజాలకి ఫోమ్ కవచం. మూడడుగుల కత్తి, లోపల ఇనుప చువ్వ. థర్మకోల్ డాలు మీద స్ప్రే పెయింట్. నా దగ్గర కట్టర్, ఇస్త్రీ పెట్టె, అమ్మ కుట్టు మిషన్ ఉన్నాయి. నాలుగు వేల రూపాయలు దాటకూడదు. ఇందులో ఏది పని చేస్తుంది, ఏది చెయ్యదు? ఇంకో సంగతి, ఇవన్నీ రైల్లో తీసుకెళ్తే పోలీసులు ఆపుతారా? అన్నిటికన్నా దీనికే టెన్షన్‌గా ఉంది.

బరంపురం టైలరమ్మ:

బాబూ, నీ పోస్టు చదివి చాలా సంతోషమేసింది. నేను బరంపురంలో ఠాకురాణీ జాతరకి వేషాలు కుడతాను. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతరలో మొక్కున్నవాళ్లు దేవుళ్ల వేషాలు కడతారు, పులి వేషం వేస్తారు, ఊరంతా తిరుగుతారు. ఆ ఎండలో పొద్దుగుంకే దాకా ఒంటి మీద జారకుండా, ఒరుసుకోకుండా నిలిచే బట్ట కుట్టడమే నా పని. కత్తి సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. నేను బట్ట సంగతి చెప్తాను.

ముందు ఆ ఛాతీ కవచం ఆలోచన వదిలెయ్యి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడినప్పుడు పాపారాయుడు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. జరిగింది తెలిశాక రాత్రివేళ, కోట మీదికి దండెత్తిన విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి దూరి పొడిచాడు. శత్రువుల దండు మధ్య నుంచి అలికిడి లేకుండా నడవాల్సిన మనిషి ఒంటి మీద రేకులు కట్టుకుంటాడా? భుజాల మీద ముళ్ల కవచం పెడితే ఏదో వీడియో గేములోంచి వచ్చావనుకుంటారు. రాజాం నుంచి వచ్చావని ఎవరికీ తట్టదు.

ఆ కాలపు దొరలు, సర్దార్లు తొడిగింది జామా. పైభాగం ఒంటికి అతుక్కుని ఉంటుంది. నడుం కింద నుంచి ఘేరా విచ్చుకుని మోకాళ్ల కిందికి దిగుతుంది. గుండీలు ఉండవు, పక్కన నాడాలతో ముడి వేస్తారు. హిందువులు ఎడమ చంక కింద, ముస్లింలు కుడి చంక కింద ముడి వేసుకోవడం పాత చిత్రాల్లో కనబడుతుంది. నీ ముడి ఎడమ వైపే ఉండాలి. చూసేవాళ్లలో తెలిసినవాడు ఒక్కడున్నా ఆ ముడి చూసి దగ్గరికి వచ్చి పలకరిస్తాడు.

గుడ్డ కోరా కాటన్ తీసుకో. పాలిస్టర్ శాటిన్ వద్దే వద్దు, ఫొటోలో తళతళ మెరిసి నాటకం బట్టలా ఉంటుంది, లోపల చెమట ఆరదు. ఘేరా బాగా రావాలంటే ఆరేడు మీటర్లు పడుతుంది. నడుం దగ్గర కుచ్చులు పెట్టి సరిపెట్టకు. పైన సన్నగా, కింద వెడల్పుగా కలీలు కోసి అతుకు. గంజి గట్టిగా పెడితే నడిచినప్పుడు ఘేరా నిలబడుతుంది. చేతులు నీ చేతి కన్నా పొడుగ్గా, బిగువుగా పెట్టు, మణికట్టు దగ్గర ముడతలు పడాలి. చంక కింద నలుచదరం ముక్క వేసి కుట్టడం మాత్రం మరిచిపోవద్దు. అది లేకపోతే కత్తి పైకెత్తగానే అక్కడే చిరుగుతుంది.

కవచం లేకపోతే వీరుడిలా ఉండదనిపిస్తే దూది కోటు కుట్టుకో. మన దేశంలో సిపాయిలు దూది కూరిన కోట్లు తొడగడం ఉండేది. రెండు పొరల గుడ్డ మధ్య పాత పల్చటి దుప్పటి పెట్టి, డైమండ్ గళ్లు వచ్చేలా కుట్టు, చేతులు పెట్టకు. ఇటుకరంగు గానీ నీలం గానీ అద్దితే తెల్ల జామా మీద బాగా తేలుతుంది.

నడికట్టుకి కొత్త గుడ్డ కొనకు. అమ్మ దగ్గర చిరిగిపోయిన బరంపురం పట్టు చీర ఉంటే దాని కుంభాల అంచు విప్పి వాడు. అంత అందమైన నడికట్టు ఏ అద్దె బట్టల షాపులోనూ దొరకదు. కానీ బరువు ఆ పట్టు మీద పడకూడదు. దాని కింద వెడల్పాటి కాన్వాస్ బెల్టు పెట్టుకుని, కత్తి ఒర కొక్కెం ఆ బెల్టుకి తగిలించు. అప్పుడు బరువంతా తుంటి మీద ఉంటుంది, నడుం నొప్పి రాదు. తలపాగా ప్రతిసారీ చుట్టుకోవడం కష్టం. టోపీ మీద ఒకసారి చుట్టి దారంతో కుట్టేస్తే బాత్‌రూముకి వెళ్లినప్పుడు, భోంచేసినప్పుడు తీసి మళ్లీ పెట్టుకోవచ్చు.

గుణుపురం కుర్రాడు (ఇప్పుడు హైదరాబాద్‌లో):

టైలరమ్మ గారు చెప్పిందే నా మాట కూడా. ఫోమ్ పనంతా కత్తి, బాకు, డాలు మీద పెట్టు తమ్ముడూ.

ఇనుప చువ్వ అసలు వద్దు. కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై 2013 నుంచి హైదరాబాద్‌లోనూ జరుగుతోంది. గేటు దగ్గర ఆయుధాలు తనిఖీ చేస్తారు. లోహం, పదును, మొన ఉన్నవి లోపలికి రానివ్వరు. నువ్వు వెళ్లే ఏడాది రూల్స్ వాళ్ల వెబ్‌సైట్‌లో చదివాకే పని మొదలుపెట్టు.

థర్మకోల్ కూడా వద్దు. స్ప్రే పెయింట్‌లో ఉండే ద్రావకం థర్మకోల్‌ని కరిగించేస్తుంది. చెప్పులు అతికించే రబ్బరు జిగురూ అంతే. నీకు కావాల్సింది ఈవీఏ ఫోమ్. హవాయి చెప్పుల అడుగుకి వాడే రకం అదే. చెప్పులు తయారుచేసేవాళ్లకి సరుకు అమ్మే షాపులో షీట్లుగా దొరుకుతుంది. లేదంటే పిల్లలు ఆడుకునే, ఒకదానికొకటి తగిలించే నేల చాపలు కొను. గోటితో నొక్కితే గుంట పడి వెంటనే పైకి లేవాలి. గుంట అలాగే ఉండిపోతే ఆ షీటు తీసుకోకు.

కత్తికి 6 మిల్లీమీటర్ల షీట్లు రెండు. ఆ కాలపు తల్వారు వంపుగా ఉంటుంది, అందుకని లోపల తిన్నటి పైపు పెడితే కుదరదు. మన వైపు వెదురుకి కొదవ లేదు కదా, సన్నటి వెదురు బద్ద తీసుకో. చిత్రిక పట్టి, పొయ్యి సెగ మీద నెమ్మదిగా వంచి, గుడ్డ టేపు చుట్టు. కొసలు గుండ్రంగా అరగదియ్యి. బద్ద కత్తి మొన దాకా పోకూడదు, మూడంగుళాల ముందే ఆగిపోవాలి. చివర ఉత్త ఫోమ్ ఉంటే ఎవరికి తగిలినా దెబ్బ తగలదు, తనిఖీ చేసేవాళ్లు మొన వంచి చూసి వదిలేస్తారు. రెండు షీట్లలోనూ బద్ద పట్టేంత గాడి కోసి, మధ్యలో దాన్ని పెట్టి అతికించు.

జిగురు దగ్గర చాలామంది తొందరపడతారు. రబ్బరు జిగురు రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనివ్వాలి. పది నిమిషాలు పట్టొచ్చు. ఆరాక రెండూ కలిపితే ఇక విడదియ్యలేవు, అందుకని ఒక చివర నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా ఆనించుకుంటూ పో. వానాకాలంలో జిగురు మీద తేమ పేరుకుని పట్టు తప్పుతుంది. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకు. ఆ వాసన మంచిది కాదు, ఆరుబయట చెయ్యి.

అంచు పదునుగా కనబడాలంటే కట్టర్‌ని ఏటవాలుగా పట్టుకుని ఒకే లాగులో కొయ్యాలి. ఫోమ్ బ్లేడుని త్వరగా మొద్దు చేస్తుంది, మొద్దు బ్లేడు పీచు పీచుగా చింపుతుంది. బ్లేడు ముక్క విరుస్తూ ఉండు, పిసినారితనం వద్దు. తర్వాత 120 నంబరు గరుకు కాగితం, ఆపైన 240, చివర 400. మాస్కు పెట్టుకో. ఆపైన ఫోమ్‌ని వేడి చెయ్యాలి. ఇస్త్రీ పెట్టెతో ఈ పని కాదు, హీట్ గన్ (వేడి గాలి ఊదే మిషన్) ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది. వేడి తగలగానే ఫోమ్ పైపొర కొద్దిగా నిగనిగలాడుతుంది, అంటే చిల్లులు మూసుకున్నట్టు. అక్కడితో ఆపాలి.

డాలు 10 మిల్లీమీటర్ల షీటు. అడుగున్నర వ్యాసం చాలు. వంట డేక్సా బోర్లించి, ఫోమ్‌ని వేడి చేసి దాని మీద వేసి, చేతులకి గ్లవుజులు తొడుక్కుని చల్లారే దాకా అదిమిపట్టు. ఆ ఉబ్బు అలాగే నిలిచిపోతుంది. పాత డాళ్ల మీద నాలుగు బుడిపెలు ఉంటాయి, వెనకాల పిడి పట్టీలు బిగించిన చోట్లే అవి. ప్లాస్టిక్ బంతులు సగానికి కోసి అక్కడ పెట్టు. రెండు పట్టీల మధ్య వేళ్ల కణుపులకి తగిలేలా చిన్న దిండు కుట్టించుకుంటే చెయ్యి గీరుకోదు.

నాందేడ్ తెలుగోడు:

తల్వారు పిడి గురించి ఒక్క మాట. మా ఊళ్లో హజూర్ సాహిబ్ గురుద్వారా ఉంది కాబట్టి, ఆ చుట్టుపక్కల షాపుల్లో నిజం కత్తులు రోజూ కళ్లబడతాయి. బొమ్మ కత్తులు చేసేవాళ్లు పిడి పొడుగ్గా, రెండు చేతులు పట్టేట్టు చేస్తారు. తల్వారు పిడి చాలా చిన్నది, ఒక్క పిడికిలికి బిగువుగా పడుతుంది. వెనకాల పళ్లెంలాంటి గుండ్రటి బిళ్ల ఉంటుంది, అది మణికట్టుకి ఆనుతుంది. ఆ బిళ్ల వెడల్పు సరిగ్గా కుదిరితే దూరం నుంచే తల్వారు అని తెలుస్తుంది. నీ పిడికిలి కొలిచి, దానికి ఒక వేలు వెడల్పు కలిపి పిడి చెయ్యి.

రైలు సంగతి. సంబల్‌పూర్ నుంచి మా నాందేడ్ వచ్చే నాగావళి ఎక్స్‌ప్రెస్ మీ రాయగడ మీదుగా సికింద్రాబాద్ వస్తుంది. రోజూ ఉండదు, రోజులు చూసుకుని టికెట్ తీసుకో. కత్తి చేత్తో పట్టుకుని ప్లాట్‌ఫామ్ మీద నడవకు. దూరం నుంచి చూస్తే అది ఫోమ్ అని ఎవరికి తెలుస్తుంది? జనం భయపడతారు, పోలీసులు ఆపడంలో తప్పు లేదు. దుప్పట్లో చుట్టి సంచిలో పెట్టు. తయారుచేస్తున్నప్పటి ఫొటోలు ఫోన్‌లో ఉంచు, కామిక్ కాన్ టికెట్ కూడా. అడిగితే వాళ్ల ముందే మొన వంచి చూపించు. నిజం కత్తి మాత్రం ఎవరు ఇస్తానన్నా తీసుకెళ్లకు. 9 అంగుళాలు దాటిన పదును కత్తి మీద ఆయుధాల చట్టం ఉంది.

నాగావళి ఒడ్డు (రాయగడ):

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, చాలా ధన్యవాదాలు. కవచం మానేశాను. తెల్ల జామా, ఇటుకరంగు దూది కోటు ఖాయం. అమ్మకి టైలరమ్మ గారి పోస్టు చదివి వినిపిస్తే, వెంటనే పెట్టె తెరిచి పాత పట్టు చీర తీసింది.

ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నాను. డేరాలోకి దూరినవాడి చేతిలో ఉండాల్సింది బాకు. కాబట్టి కత్తి ఒరలోనే ఉంటుంది, డాలు వీపున, బాకు చేతిలో. ఫొటో అడిగినవాళ్లకి రాజాం నుంచి డేరా దాకా కథ చెప్తాను. ఇప్పుడు నాకు బాకు పిడి బాగా రావాలి. వెండి రంగు వేస్తే చాలా?

పర్లాకిమిడి:

వెండి వద్దు, కొమ్ము పిడిలా చెయ్యి. మా పర్లాకిమిడిలో గేదె కొమ్ముతో బొమ్మలు, కొంగలు, దువ్వెనలు చేస్తారు, వినే ఉంటావు. మెరుగుపెట్టిన కొమ్ము ఉత్త నలుపు కాదు. వెలుతురులో పట్టుకుంటే ముదురు గోధుమ రంగు, మధ్యలో పొగలా బూడిద రంగు చారలు, కొస దగ్గర తేనె రంగు కనిపిస్తాయి. చారలన్నీ కొమ్ము పొడుగునే సాగుతాయి, అడ్డంగా ఉండవు. ముందు నలుపు వేసి, దాదాపు ఎండిపోయిన కుంచెతో గోధుమ రంగు పొడుగ్గా లాగు, ఆపైన అక్కడక్కడ బూడిద రంగు. చివర మెరుపు వార్నిష్ పిడికి మాత్రమే. వీలైతే ఒకసారి మా ఊరు వచ్చి, పనివాళ్ల దగ్గర కూర్చుని నిజం కొమ్ము చేతిలో పట్టుకుని చూడు.

గుణుపురం కుర్రాడు:

రంగుల వరస కూడా చెప్పేస్తాను. ఫోమ్ మీద నేరుగా రంగు వేస్తే పీల్చేసుకుంటుంది, వంగిన చోట పగులుతుంది. తెల్ల ఫెవికాల్‌లో సగం నీళ్లు కలిపి నాలుగైదు పూతలు పల్చగా వెయ్యి, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. తర్వాత నలుపు అక్రిలిక్, దాని మీద వెండి. వెండి ఆరాక నలుపు, గోధుమ రంగు నీళ్లలా కలిపి పూసి వెంటనే గుడ్డతో తుడిచెయ్యి. గాట్లలో, పిడి మొదట్లో మురికి నిలుస్తుంది, అప్పుడే ఇనుములా కనబడుతుంది. మొత్తం కొత్తగా మెరిస్తే ప్లాస్టిక్ బొమ్మలాగే ఉంటుంది. బాకు మొన కూడా మెత్తటి ఫోమే ఉండాలి, చేతిలో పట్టుకుని జనంలో తిరిగేది అదే కాబట్టి.

బరంపురం టైలరమ్మ:

వీపున డాలు అన్నావు కాబట్టి ఇది చెప్పాలి. డాలు తాడు ఒక్క భుజం మీద వేస్తే మెడ పట్టేస్తుంది. జంధ్యంలా ఏటవాలుగా వేసి, దూది కోటు భుజం దగ్గర ఒక గుడ్డ మడత కుట్టి దానిలోంచి పోనివ్వు, జారదు. జామా, కోటు, డాలు, కత్తి అన్నీ వేసుకుని ఇంట్లోనే ఒక పూట ఉండి చూడు. మెట్లెక్కు, కింద కూర్చో, భోంచెయ్యి, చేతులు పైకెత్తు. ఎక్కడ లాగుతుందో, ఎక్కడ గీరుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ ఫొటోలు ఇక్కడ పెట్టు. ఏ కుట్టు విప్పాలో, ఎక్కడ వదులు చెయ్యాలో చెప్తాను. సూది, తెల్ల దారం, నాలుగు పిన్నీసులు సంచిలో వేసుకునే బండెక్కు.