డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ తప్పుకున్నందుకు బాధపడాలా, ఊరట చెందాలా?

అలిపిరి వాసి (తిరుపతి):

మిత్రులందరికీ నమస్కారం. 2017 నవంబరు 19న అమెరికాలోని హోమ్‌స్టెడ్ మయామీ ట్రాక్‌లో డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్, అక్కడి స్టాక్ కార్ పందేల్లో (మామూలు కార్ల రూపంలో ఉండే పందెం కార్ల పోటీల్లో) అతి పెద్దదైన నాస్కార్ కప్ సిరీస్‌లో పూర్తికాలపు డ్రైవరుగా చివరి పందెం నడిపారు. మనకు అప్పటికే సోమవారం వచ్చేసింది. కొండ మీద సుప్రభాతం మొదలయ్యే వేళకు నేను ఇంకా ఫోను పట్టుకుని మేలుకొనే ఉన్నాను. మన ఊరిలో ఈ పోటీలు చూసేవారు చాలా తక్కువ మంది కాబట్టి, నా మాట అర్థమయ్యేవారు ఇక్కడైనా ఉంటారని రాస్తున్నాను.

పందెం మొదలు కావడానికి ముందు ఆయన ఎర్రటి 88వ నంబరు కారు పిట్ రోడ్డు (ఇంధనం, టైర్ల కోసం కార్లు ఆగే దారి) మీదుగా మెల్లగా వెళ్తుంటే, ఆయన జట్టువారే కాకుండా పోటీ జట్ల సిబ్బంది కూడా వరుసగా నిలబడి ఆయన చేతిని తాకి సాగనంపారు. అది చూసి నాకు కన్నీళ్లు ఆగలేదు. ఏప్రిల్ 25న ఆయన తప్పుకుంటున్నారన్న నిర్ణయం వెలువడిన రోజు కూడా ఇలాగే ఏడ్చాను. అయితే ఈసారి ఏడుపు ఆగిన తరువాత మనసు తేలికపడింది, ఆ తేలికదనం ఎందుకు కలిగిందో నాకే తెలియడం లేదు. అభిమానినై ఉండి ఆయన వెళ్లిపోయినందుకు ఊరట చెందడం తప్పేమోనని అనిపిస్తోంది.

మా తమ్ముడు మరో ప్రశ్న వేశాడు. ఇరవై ఆరు విజయాలే ఉండి, కప్ ఛాంపియన్‌షిప్ ఒక్కటీ లేని డ్రైవరు కోసం ఇంత దుఃఖం ఎందుకని, అదే జట్టులో ఏడుసార్లు ఛాంపియన్ అయిన జిమ్మీ జాన్సన్ ఉన్నారు కదా అని అడిగాడు. వాడికి సమాధానం చెప్పలేకపోయాను. మీరైనా చెప్పగలరా?

చంద్రగిరి:

అమ్మా, మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు 2001 ఫిబ్రవరి 18న ఉంది. ఆ రోజు నాస్కార్‌లో అన్నిటికంటే పేరున్న పందెమైన డేటోనా 500 చివరి ల్యాప్‌లో (చుట్టులో) మైకేల్ వాల్ట్రిప్ మొదటి స్థానంలో, జూనియర్ రెండో స్థానంలో వెళ్తుండగా, వారి వెనుక మూడో స్థానంలో ఉన్నది జూనియర్ తండ్రి డేల్ ఎర్న్‌హార్ట్. ముందున్న రెండు కార్లూ ఆయన సొంత జట్టువే. వెనుక నుంచి వస్తున్నవారు ఆ ఇద్దరినీ దాటకుండా అడ్డుకుంటూ వచ్చిన ఆ తండ్రి చివరి మలుపులో గోడను ఢీకొని మరణించారు. కొడుకు రెండో స్థానంలో గీత దాటాడు. ఏడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన తండ్రిని ఆ విధంగా పోగొట్టుకున్న కుర్రవాడు, అప్పటికి ఇరవై ఆరేళ్లవాడు, వారం తిరగకుండానే మళ్లీ కారు ఎక్కాడు. అదే సంవత్సరం జూలైలో పోటీలు తిరిగి డేటోనాకు వచ్చినప్పుడు, తండ్రి ప్రాణం పోయిన ఆ ట్రాక్ మీదే గెలిచాడు.

నేను కొన్నేళ్లు అమెరికాలోని షార్లెట్‌లో ఉద్యోగం చేసి వచ్చినవాడిని. టాలడేగా ట్రాక్‌లో ఒక పందెం నేరుగా చూశాను. అక్కడ మలుపులు ముప్పై మూడు డిగ్రీల వాలులో ఉంటాయి. కింద నుంచి చూస్తే కార్లు గోడ మీద పాకుతున్నట్లు కనిపిస్తాయి. జూనియర్ ముందుకు వచ్చిన ప్రతిసారీ జనం ఒక్కసారిగా లేచి నిలబడేవారు, ఇంజన్ల మోతలో కూడా ఆ అరుపులు వినిపించేవి. నా పక్కన కూర్చున్న ముసలాయన తండ్రిగారి 3వ నంబరు టోపీ పెట్టుకుని కొడుకు కోసం కేకలు వేస్తున్నారు. ఆయన తండ్రిని ఇంకా మరిచిపోలేదు, ఆ కొడుకుకు ఏమీ కాకూడదని ప్రతి ల్యాప్‌లోనూ కోరుకుంటున్నారు. మీకు కలిగిన ఊరట అటువంటిదేనని నాకు అనిపిస్తోంది. పదహారేళ్లుగా మనందరి గుండెల్లో ఒక భయం ఉండేది. తండ్రికి దక్కని వీడ్కోలు కొడుకుకు దక్కింది, తన కాళ్లతో తాను నడిచి ఇంటికి వెళ్లాడు.

పీలేరు:

నేను మొదటి నుంచి మరో నాస్కార్ డ్రైవరు జెఫ్ గోర్డన్ అభిమానిని. గోర్డన్‌కు 93 విజయాలు, నాలుగు ఛాంపియన్‌షిప్‌లు ఉన్నాయి కాబట్టి లెక్కల్లో జూనియర్‌ను ఆయన పక్కన నిలపడానికి నేను ఒప్పుకోను. 2008 నుంచి 2012 వరకు 143 పందేల పాటు జూనియర్ ఒక్కటీ గెలవలేదు. అయినా 2003 నుంచి 2017 వరకు వరుసగా పదిహేనుసార్లు అత్యంత జనాదరణ పొందిన డ్రైవరుగా అభిమానులు ఆయనకే ఓటు వేశారు. అప్పట్లో ఇది తండ్రి పేరుకు పడుతున్న ఓటని నేను వాదించేవాడిని.

గత సంవత్సరం, అంటే 2016లో, నా అభిప్రాయం మారింది. తలకు తగిలిన దెబ్బతో జూనియర్ చివరి పద్దెనిమిది పందేలకు దూరమైనప్పుడు, అప్పటికే విశ్రాంతి తీసుకుంటున్న గోర్డన్ తిరిగి వచ్చి అందులో ఎనిమిది పందేల్లో ఆ 88వ నంబరు కారు నడిపారు. సాటి డ్రైవర్లకు ఆయన మీద ఉన్న ఆప్యాయత నాకు అప్పుడు తెలిసింది. మీ తమ్ముడు అడిగినదానికి ఒక చిన్న మాట కూడా కలపాలి: ఆయనకు కప్ ఛాంపియన్‌షిప్ లేకపోయినా, కప్ సిరీస్‌కు కింది మెట్టయిన బుష్ సిరీస్‌లో 1998, 1999 సంవత్సరాల్లో వరుసగా ఛాంపియన్ అయ్యారు. డేటోనా 500 కూడా 2004లో, 2014లో గెలిచారు.

చిత్తూరు మెకానిక్:

కారు సంగతి నేను చెబుతాను. ఘాట్ రోడ్డు మలుపులో బయటి అంచు కొంచెం ఎత్తుగా ఉండి బండిని లోపలికి ఒరిగేలా చేస్తుంది కదా, ఆ వాలునే బాగా పెంచి గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో తిరిగితే స్టాక్ కార్ పందెం అవుతుంది. అక్కడ అదుపు తప్పిన కారు ఎక్కువగా బయటి గోడకే తగులుతుంది. కారు ఆగిపోతుంది, బెల్టు ఛాతీని పట్టి ఉంచుతుంది, కానీ తలను పట్టుకునేది ఏదీ లేకపోతే అది ముందుకు వెళ్లిపోతుంది. పెద్ద ఎర్న్‌హార్ట్ కపాలం అడుగుభాగం చిట్లి చనిపోయారు. ఆ తరువాత 2001 అక్టోబరులో తలను, మెడను పట్టి ఉంచే సాధనాన్ని నాస్కార్ తప్పనిసరి చేసింది. ఢీకొన్నప్పుడు లోపలికి నొక్కుకునే ఉక్కు, ఫోమ్ గోడలు 2002 నుంచి ఒక్కొక్క ట్రాక్‌కూ వచ్చాయి. ఆనాటి నుంచి కప్ సిరీస్ పందెంలో ఏ డ్రైవరూ చనిపోలేదు.

అయితే తల ఊగకుండా ఆపగలిగారు కానీ తల లోపల మెదడు ఊగడాన్ని ఏ సాధనమూ ఆపలేదు. జూనియర్ తప్పుకోవడానికి ఆ విషయం కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

పుత్తూరు:

పై మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మాది ఎముకల కట్టుకు పేరుపడిన ఊరు. ఎక్కడెక్కడి నుంచో చెయ్యి విరిగినవారు, కాలు విరిగినవారు కట్టు కట్టించుకోవడానికి మా ఊరికి వస్తారు. మూడేళ్ల క్రితం మా అబ్బాయి మోటారు సైకిల్ మీద నుంచి పడినప్పుడు ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. చూసినవారందరూ దేవుడు కాపాడాడన్నారు, మేమూ అలాగే అనుకుని వారం రోజుల్లో కాలేజీకి పంపించాము. వాడు వెలుతురు చూడలేకపోయేవాడు, మెట్లు దిగుతుంటే తూలేవాడు, చదివినది గుర్తుండేది కాదు. చదువు ఎగ్గొట్టడానికి సాకులు చెబుతున్నాడని వాడి మీద కోప్పడినది నేనే. ఆ తప్పు నా మనసులో ఇప్పటికీ ముల్లులా ఉంది.

గత సంవత్సరం జూనియర్ తన కళ్లు ఒకచోట నిలవడం లేదని, నడకలో తూలు వస్తోందని దాచకుండా చెప్పినప్పుడు మా అబ్బాయి ఆ మాటలు నాకు వినిపించి, "అమ్మా, నాకు ఇలాగే ఉండేది" అన్నాడు. అదే జూనియర్ 2002లో ఇటువంటి దెబ్బ తగిలితే నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా పందేలు నడిపారట. 2012లో కూడా మొదటి దెబ్బను లోపలే ఉంచుకుని, రెండోది తగిలిన తరువాత డాక్టరు దగ్గరకు వెళ్లారు. అటువంటి మనిషి గత సంవత్సరం తన చోటు వేరేవారికి ఇచ్చి ఇంట్లో కూర్చోవడానికి, తన మరణానంతరం మెదడును పరిశోధనకు ఇస్తానని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. ఆయన గెలిచిన పందెం నేను ఒక్కటీ చూడలేదు, అయినా ఆయన క్షేమంగా ఇంటికి చేరినందుకు కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. మీ ఊరట తప్పు కాదమ్మా.

అలిపిరి వాసి (తిరుపతి):

అందరికీ ధన్యవాదాలు. పుత్తూరు అమ్మగారికి ప్రత్యేకంగా నమస్కారాలు, మీ అబ్బాయి ఇప్పుడు కుదుటపడ్డాడని ఆశిస్తున్నాను. గాయం మళ్లీ ముంచుకురాకముందే నిర్ణయం తన చేతుల్లోనే ఉండాలని ఆయన ఏప్రిల్‌లో చెప్పినప్పుడు నేను వీడ్కోలు మాట ఒక్కటే విన్నాను, మిగతాది నా చెవికి ఎక్కలేదు.

మీ జవాబులన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. చంద్రగిరి అన్నగారు రాసిన భాగం దగ్గర వాడు ఆపమన్నాడు. ఆ జూలై పందెం చూపించమని అడిగాడు. ఆదివారం రాత్రి ఇద్దరం కూర్చుని చూస్తాము.